సీటు కింద కొబ్బరి చిప్పలు

ఈ రోజు పొద్దున మా బాపుకు ఉన్నట్టుండి మాట పడిపోయింది, కుడిచెయ్యి లేవలేదు. తమ్ముడు పరుగున వెళ్లి కారు తాళం తిప్పాడు. అది స్టార్ట్ కాలేదు. సుల్తానాబాద్‌లో మా ఇంటి దగ్గర ఆటో దొరికి, కరీంనగర్ ఆసుపత్రికి చేరేసరికి చాలా ఆలస్యమైంది. "ఇంకొంచెం ముందు తెస్తే బాగుండేదమ్మా" అన్నాడు డాక్టర్.

సాయంత్రం బాపు బట్టల కోసం తమ్ముడూ నేనూ ఇంటికి వచ్చాం. మెకానిక్ బానెట్ ఎత్తి చూస్తున్నాడు. ఎలుకలు రావొద్దని తమ్ముడు వేసిన డాంబర్ గోలీలు, అవే కలరా ఉండలు, అక్కడే ఉన్నాయి. పక్కనే కొరికేసిన వైర్లు. సీటు కింద వెతికితే ఎలుకలు కొరికిన కొబ్బరి చిప్పలు దొరికాయి.

"ఏందన్నా, ముంగట గోలీలేసి లోపట కొబ్బరి పెట్టిన్రు? ఎలుకలకు దావతా? ఎవలు పెట్టిన్రు?"

తమ్ముడు నా దిక్కు ఒక్కసారి చూశాడు. "నేనే పెట్టిన. తీసుడు మర్చిపోయిన."

"బాపు పానం మీదికి తెచ్చినవ్ గదా!" అని ఇంట్లోంచి వచ్చిన మరదలు అందరి ముందే ఏడ్చింది. తమ్ముడు తల దించుకున్నాడు.

పోయిన మంగళవారం కొండగట్టు గుడిలో కారుకు పూజ చేయించాం. స్వామి వెంట ఉంటాడని అక్కడ కొట్టిన కొబ్బరి చిప్పలు సీటు కింద పెట్టింది నేను. రోజూ జపం చేసే నోరు, ఆ ఒక్క మాట చెప్పలేకపోయింది. మరదలు ఈ పోస్టు చదువుతుంది. చదవాలనే ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

మీ బండ్లలో ప్రసాదం ఉంటే ఇప్పుడే తీసి పంచిపెట్టండి. మా బాపు కోసం ఒక దండం పెట్టండి. నన్ను తిట్టేది ఉంటే ఆ తర్వాత తిట్టండి.