పెద్దత్త ఎత్తుకుపోయిన కుర్చీ

మా పెద్దత్త పోయిన సోమవారం కన్నుమూసింది. తుష్నాబాద్ నుంచి ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. పొద్దున్నే మునగాకు దూసి చాటలో పోసిందట, కాసేపు గోడకు ఆనుకుంటానందట. అంతే. ఎనభై దాటిన మనిషి, మంచం పట్టకుండా వెళ్ళింది.

ఆమె మా నాన్నకు అక్క. సునామీ నాడు మా దీవిలో ఇద్దరి పొలాల్లోకీ ఉప్పునీళ్ళు వచ్చాయి. శిబిరంలో బిస్కెట్లు, నూడుల్స్, పంచదార పంచారు. ఆకలి మీద ఉన్నవాళ్ళకు అవే అన్నం. టీలో బిస్కెట్లు ముంచుకు తినడం నాన్నకు అక్కడే అలవాటైంది. తర్వాత ఆయన పొలం వదిలేసి పట్నంలోని హాడోలో పచారీ కొట్టు పెట్టాడు. పెద్దత్త మాత్రం ఏటా గట్లు వేసి, వాననీళ్ళు నిలబెట్టి, ఉప్పు కడిగి వదిలేది. కొన్నేళ్ళకు అక్కడ బెండ, ఆనప కాశాయి.

నాన్న కొట్లో కూర్చుని కూర్చుని సుగర్ తెచ్చుకున్నాడు. దానితోనే పోయాడు. "నా తమ్ముణ్ణి సముద్రం వొగ్గేసింది, కుర్సీ పట్టుకుంది" అనేది పెద్దత్త.

ఆ తర్వాత కొట్లో నేను కూర్చున్నాను. చక్రాల మీద తిరిగే కుర్చీ కొన్నాను. లేవకుండానే సబ్బులూ బిస్కెట్లూ చేతికందేవి. నలభై నిండకముందే నాకూ సుగర్ వచ్చింది. మూడు నెలల్లో తగ్గకపోతే సూదిమందు తప్పదన్నాడు డాక్టరు.

మర్నాడే పెద్దత్త కొట్టు ముందు నిలబడింది.

"లెగు."

"గిరాకీ టైమత్తా..."

"నిల్చొని అమ్ము. ఆ కుర్సీ నాకు కావాల."

వయసు మీద పడింది, కాళ్ళ నొప్పులేమో అనుకుని నేనే మోసుకెళ్ళి బస్సెక్కించాను. కండక్టరు నవ్వాడు. "దీదీ, దీనికీ టికెట్టా?"

"ఎందుకు భయ్యా? ఇదీ నాలాగే నిల్చొని వస్తాది."

దారంతా కుర్చీ పట్టుకుని నిలబడిన ముసలామెను మీలో కొందరు చూసే ఉంటారు. సాయంత్రం ఫోన్ చేసింది. "కుర్సీ పెరట్లో యేసినాను. కూసోవాలనుంటే ఇక్కడికి రా."

ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళాను. బస్సు దిగాక అరగంట నడక. గుమ్మంలోనే చేతికి పార ఇచ్చింది. "ఆ గట్టు ఎగదోసి అప్పుడు కూసో."

గట్టు పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. చేపల పులుసు, మునగాకు వేపుడు, కొంచెం అన్నం పెట్టింది. తిని కుర్చీలో కూలబడ్డాను.

"ఇప్పుడు చెప్పు, బాగుందా?"

"చాలా బాగుందత్తా."

"మరి! ఇన్నాళ్ళూ దాని రుచి తెలీకుండానే కూసున్నావు."

మూడు నెలలు ఒక్క ఆదివారం తప్పలేదు. కొట్లో నిలబడే అమ్మాను. బిస్కెట్ డబ్బాలు పై అరకి ఎక్కించాను. మాత్రలు మిగిలాయి గానీ సూదిమందు తప్పింది. కుర్చీ తిరిగిమ్మని నేను అడగలేదు, తీసుకుపొమ్మని ఆమె అనలేదు.

పోయిన నెల మొదటిసారి ఆమె అందులో కూర్చుంది. కాలితో నేలను తన్ని ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "బాగుందిరోయ్! ఇందుకేనా నువ్వు లెగనిది!"

మొన్న ఆమెను సమాధి చేసి తిరిగొచ్చాక ఇంటినిండా జనం. కుర్చీలు చాలలేదు. "అన్నయ్యా, పెరట్లో నీ కుర్చీ ఉందిగా" అంది కోడలు.

వెళ్ళి చూశాను. గడ్డి పరచుకుని కోడిపెట్ట ఒకటి అందులో గుడ్లు పొదుగుతోంది. గాలి వీచినప్పుడల్లా కుర్చీ మెల్లగా అటు తిరిగి, మళ్ళీ ఇటు తిరుగుతోంది. పెట్ట లేవలేదు. నేను పక్కనే నిలబడ్డాను.