నీలం హౌస్ గురుసామి సార్

విరుదునగర్‌లో నేను పాఠాలు చెప్పే బడి మైదానంలో ఈ ఉదయం తడి సున్నంతో పరుగు పందేల గీతలు గీస్తున్నారు. ఆ ఘాటు వాసన కిటికీలోంచి రాగానే చేతిలోని పేపర్లు పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. ఎప్పుడూ ఇంతే. ఈ వాసనకు కోవిల్‌పట్టి గుర్తొస్తుంది, గురుసామి సార్ గుర్తొస్తారు, ఆ తర్వాత ఒకచోట కూర్చోవడం నా వల్ల కాదు.

కోవిల్‌పట్టిలో నేను చదివింది మగపిల్లల ఉన్నత పాఠశాల. పిల్లలందరినీ ఎరుపు, నీలం, పచ్చ, పసుపు అని నాలుగు హౌస్‌లుగా, అంటే ఆటల జట్లుగా, పంచేవారు. ఆటల మాస్టరు గురుసామి సార్ నీలం హౌస్‌కు పెద్ద. కొత్తగా చేరిన పిల్లలు ఏ హౌస్‌లో ఉండాలో నిర్ణయించేదీ ఆయనే. ఏ ఊరు, ఏ వీధి అని అడిగేవారు. ఒకే వీధి పిల్లలను ఒకే హౌస్‌లో ఉంచేవారు కాదు. ఎట్టయాపురం అవతలి మా పల్లె నుంచి నేనూ మా పెదనాన్న కొడుకూ కలిసి వెళ్తే, వాడు ఎరుపులో పడ్డాడు, నేను నీలంలో. నాతో పాటు నీలంలో పడ్డది మా ఊరి బయటి దళితుల కాలనీ కుర్రాడు మారియప్పన్. ఇద్దరం ఒకే బస్సులో వచ్చేవాళ్ళం. నేను ముందు, వాడు వెనక. మాటల్లేవు.

వారం తిరక్కముందే నాన్న బడికి వచ్చారు. ఆ తమిళ ఊళ్ళో సార్ కూడా మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడతారని ఎవరో చెప్పారట, ఆ ధైర్యం.

“సారూ, మీరూ మనవాండ్లే గదా. పిలకాయను మన పిలకాయలతో వెయ్యండి,” అన్నారు.

“మనవాండ్లు ఇంట్లో ఉండారు గదా నాయినా. ఈడ కూడా వాండ్లే అయితే బడి ఎందుకు?” అన్నారు సార్.

నాన్న మళ్ళీ ఆ బడి గడప తొక్కలేదు.

తొమ్మిదో తరగతిలో రిలే పరుగుకు సార్ మా ఇద్దరినీ పక్కపక్క వంతుల్లో పెట్టారు. మారియప్పన్ బ్యాటన్ అందించాలి, నేను అందుకోవాలి. రోజూ సాయంత్రం అదే పని. సార్ విజిల్ నములుతూ గీత వెంట అటూ ఇటూ తిరిగేవారు. అలా బ్యాటన్ మార్చుకుంటూనే మాకు మాటలు కలిశాయి. ఆ సంగతి ఊరికి చేరింది. పోటీల ఉదయం మా ఊరి పెద్దలు వచ్చి హెడ్‌మాస్టర్ గదిలో కూర్చున్నారు. మారియప్పన్‌ను తప్పించమని హెడ్‌మాస్టర్ అన్నారట. తప్పిస్తే నీలం జట్టే పరుగెత్తదని చెప్పి సార్ బయటికి వచ్చారు. రేపు ఆ ఊళ్ళో బతకాల్సింది మేమే గనుక, పరుగెత్తాలో వద్దో మేమే చెప్పాలని మా ఇద్దరితో తమిళంలో అన్నారు. మారియప్పన్ వెళ్ళి తన చోట నిలబడ్డాడు. నేనూ నా చోటికి వెళ్ళాను.

రెండో స్థానం వచ్చింది. ఆ సాయంత్రం బస్సులో వాడు నా పక్కన కూర్చున్నాడు. ఊళ్ళో ఇద్దరం కలిసి దిగేసరికి స్టాపులో నాన్న. కొడతారనుకున్నాను. ఆయన నా సంచి తీసుకుని ముందు నడిచారు. చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

మరుసటి ఏడాది సార్‌ను విరుదునగర్‌లో అదే యాజమాన్యం నడిపే ఇంకో బడికి పంపేశారు. హౌస్ ఎంపిక తల్లిదండ్రుల ఇష్టానికి వదిలేశారు.

ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాక ఆయన ఇంటికి వెళ్ళాను. నాకు కుర్చీ వేసి తాను నిలబడే ఉన్నారు. పిల్లలను ఊరి కోపానికి ఎదురు నిలబెట్టడం తప్పేమోనన్న భయం ఇంకా పోలేదన్నారు. మేమిద్దరం ఇప్పుడు మాట్లాడుకుంటామా అని అడిగారు. మారియప్పన్ సాత్తూరులో లారీ నడుపుతున్నాడని, వాడి కూతురి చెవులు కుట్టే వేడుకకు నాన్న కూడా నాతో వచ్చారని, కానీ గడప దాటకుండా వాకిట్లోనే కూర్చున్నారని చెప్పాను.

“వచ్చినాడు గదా,” అన్నారు సార్. నన్ను వీధిలోకి సాగనంపుతూ మళ్ళీ అదే మాట అన్నారు.

ఇప్పుడు నేనూ ఒక హౌస్‌కు పెద్దను. పిల్లవాణ్ణి తమవాళ్ళతో వేయమని అడిగే తండ్రులు ఏటా వస్తారు. కుదరదని చెప్పి, వాళ్ళు గేటు దాటేదాకా చూస్తూ ఉంటాను. సరిగ్గానే చేశానన్న నిశ్చింత ఒక్కసారీ కలగలేదు. పిల్లవాణ్ణి మాత్రం మార్చను.