పాపాయమ్మ గారి ఆస్ట్రేలియా కేకు

కడియం నర్సరీలో పొద్దంతా గులాబీలకు అంటు కట్టే పాపాయమ్మ, సాయంత్రమైతే అరుగు మీద కూర్చుని, ముళ్ళకు మొద్దుబారిన బొటనవేలితో ఫోను తోస్తూ, ఆస్ట్రేలియా రైతు భార్య ఒకావిడ పెట్టే పెరటి వీడియోలూ వంట వీడియోలూ చూస్తుంది. "ఆవిడకీ గుమ్మడిపాదుంది, నాకూ ఉంది. ఇంక తేడా ఏంటి?" అనుకుని, ఈసారి చర్చిలో కోతపండుగ వేలానికి ఎప్పట్లా కాయ ఇవ్వకుండా, దాంతో కేకు చేసింది. ఓవెన్ లేదు కాబట్టి కుక్కర్లో ఇసక పోసి చేసింది. పైన బంగారంలా ఉంది, అడుగు మాత్రం బొగ్గయింది.

వేలంపాటలో దాన్ని ఎవరూ అడగరేమోనని ముందు భయపడింది. సంఘపెద్ద ఆరోన్ గారు చెయ్యెత్తగానే, ఆయన తింటారేమోనని అంతకంటే భయపడింది. ఆయన పెంచినకొద్దీ తనూ పెంచి, ఆఖరికి తన కేకు తనే పాడుకుంది. పాస్టరు గారు మురిసిపోయి, "ఎంత మంచి మనసండి! అందరికీ ముక్కలు కోసి పంచండమ్మా" అన్నారు.

'నా తెలివికి తగిన శాస్తే' అని లోపల్లోపల నవ్వుకుంటూ పాపాయమ్మ కోసి పెట్టింది. మొదటి ముక్క కొరికిన ఆరోన్ గారి దవడ మధ్యలో ఆగిపోయింది. ఆయన మాట్లాడేలోపే ఆవిడే అందుకుంది.

"ఆస్ట్రేలియాలో ఇలాగే ఉంటుందండి!"