కనుగొనలేదని చెప్పిన ఆచార్యుడు

ఆచార్య విశ్వేశ్వరం గారు ఇక లేరు. గత శనివారం ఉదయం చిలకలగూడలోని అద్దె ఇంట్లో వారు విగతజీవులై కనిపించారు. హృద్రోగమని వైద్యుడు చెప్పారు. నిద్రలోనే ప్రశాంతంగా వెళ్లిపోయారని ఇరుగుపొరుగు అంటున్నారు గాని, ఒంటరిగా ఉన్న మనిషి విషయంలో అది తెలిసే వీలు లేదు. ప్రయోగశాల సహాయకుడు యాదగిరి ఫోను చేసినప్పుడు, వారి పాత శిష్యురాలినైన నా నోట మొదట వచ్చింది ప్రశ్నే: "ఎవరు చూశారు?"

"నేనే చూసిన మేడం. నిన్న ఆఫీసుకు రాలే, పరేషానయ్యి పొద్దుగాల పోయిన. ఎంత కొట్టినా తలుపు తియ్యలే" అన్నాడు యాదగిరి.

ఆధారం దొరికిన తరువాత కూడా నమ్మకం కుదరడానికి నాకు రెండు రోజులు పట్టింది.

సంతాపసభలో వక్తలు వారిని 'కరువును తట్టుకొనే వరి జన్యువును కనుగొన్న మహనీయుడు' అని కీర్తించారు. విభాగంలో పెట్టబోయే చిత్రపటం కింద ఆ మాటే చెక్కించాలని తీర్మానించారు. అది నిజం కాదని నేను లేచి చెప్పబోతే, పక్కనున్న పెద్దాయన నా చేయి పట్టుకొని, "పోయినాయన గురించి మంచి మాటే కదమ్మా! ఇప్పుడెందుకు ఆ లొల్లి?" అని మందలించారు. కూర్చున్నాను. ఆ మౌనం నన్ను బాధిస్తున్నది. ఎందుకంటే ఆ మాట నిజం కాదని ప్రకటించడానికే ఆచార్యులు తమ సర్వస్వాన్నీ వెచ్చించారు.

రాంగోపాల్‌పేట్‌లో ఒక బట్టల గోదాం పై అంతస్తులో ఉండేది మా విశ్వవిద్యాలయ పరిశోధనశాల. ఒక మొక్కలోని వేల జన్యువులలో ఏవేవి కలిసి చురుకవుతాయో, ఏవేవి కలిసి సద్దుమణుగుతాయో కంప్యూటరుతో లెక్కించి, వాటి నడుమ గీతలు గీస్తూ ఒక జాలాన్ని అల్లడం మా పని. ఎక్కువ గీతలు వచ్చి కలిసే జన్యువును 'కూడలి' అనేవారం. రెండు వేర్వేరు ప్రయోగాలలోనూ కనిపిస్తేనే గీత గీయాలన్నది ఆచార్యుల నియమం.

మరొక నియమం కూడా ఉండేది. ఒకరి ఫలితాన్ని మరొకరికిచ్చి, "ఇది ఎందుకు అబద్ధమో చెప్పు" అనేవారు. తప్పు దొరికితే, చేసినవారు పట్టినవారికి సమోసాలు తినిపించాలి. విజయనగరం నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా ఆచార్యుల మాటలో ఆ యాస పోలేదు. "మొగమాటమేటమ్మా? మొగమాటపడితే మొక్క ఊరుకుంటాదేటి?" అని నవ్వేవారు.

నీటి ఎద్దడిలో పెంచిన వరి జాలంలో ఒక మహా కూడలి కనిపించింది; కరువును తట్టుకొనే జన్యువు అదేననుకున్నాం. దానిపై ఆచార్యులు రాసిన వ్యాసం ప్రచురణకు అంగీకారం పొందింది. దానిపైనే ప్రాజెక్టు పొడిగింపు ఆధారపడి ఉంది. ఆనవాయితీ ప్రకారం అబద్ధమని నిరూపించే పని నాకు అప్పగించారు. మూడు వారాల తరువాత, శాస్త్రవేత్తలందరూ తమ ప్రయోగాల అంకెలను జమచేసే సార్వజనిక భాండాగారం నుంచి తెచ్చుకున్న రెండు ప్రయోగాల అంకెలను పక్కపక్కన పెట్టి చూశాను. వరుసలు వేరు, నమోదు సంఖ్యలు వేరు. కాని అంకెలు చివరి దశాంశం దాకా ఒకటే. ఒకే ప్రయోగాన్ని ఎవరో రెండుసార్లు జమచేశారు. ఆ నకలును తీసివేసి, నిజంగా వేరైన మరో ప్రయోగంతో పోల్చగానే కూడలి మాయమైంది.

కాగితాలు వారి ముందు పెట్టాను. చాలాసేపు చూశారు. "రెండు సాక్ష్యాలనుకున్నానమ్మా. ఒక్క సాక్షే చొక్కా మార్చుకుని రెండుసార్లు బోనెక్కాడు" అన్నారు. తరువాత యాదగిరిని పిలిచి సమోసాలు తెమ్మన్నారు.

"ఇయ్యాల ఎవరు దొరికిన్రు సార్?"

"నేనేనోయ్. ఓ రెండు ఎక్కువ తే."

అచ్చయిన తరువాత చూసుకోవచ్చని ఒక సహచరుడు సలహా ఇచ్చారు. "నాకు తెలిసిపోయింది కదండీ. ఇహ తెలియనట్టు ఉండడం ఎలాగ?" అన్నారు ఆచార్యులు. ఆ సాయంత్రమే వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు.

ప్రాజెక్టు పొడిగింపు రాలేదు. మాదాపూరులో అద్దాల మేడలు లేస్తున్న కాలమది. జావా అనే కంప్యూటరు భాష నేర్చినవారికి పిలిచి ఉద్యోగాలిచ్చేవారు. ఒక్కొక్కరుగా శిష్యులందరూ వెళ్లారు. ఆచార్యులను ఏకాకిని చేసిన తప్పును పట్టుకున్నది నేను. చివరగా వెళ్లిపోయిందీ నేనే. వారు ఆక్షేపించలేదు. ఆరు కుర్చీలున్న ఆ గదిలో ఒక్కరే కూర్చొని, భాండాగారంలోని ప్రతి ప్రయోగాన్నీ మిగిలిన అన్నింటితో పోలుస్తూ, నకళ్ల జాబితా తయారుచేయడం మొదలుపెట్టారు. అటువంటి పనికి పురస్కారం ఉండదు. మరొకరు మోసపోకుండా ఉంటారు, అంతే.

కిందటి నెల ఆ జాబితాను ఒక సీడీలో వేసి యాదగిరితో పంపించారు. "నా తప్పు నా కళ్లకు ఆనదు. ఓసారి చూసిపెట్టమ్మా" అని చీటీ రాశారు. ఆఫీసులో పని ఒత్తిడిగా ఉందని, వచ్చే వారం చూస్తానని కబురు చేశాను. ఆ వారం మరో మూడు వారాలైంది. సంతాపసభ నుంచి తిరిగి వచ్చిన తరువాతనే సీడీని తెరిచాను.

విభాగం పెద్దలకు నా మనవి: వారు ఏ జన్యువునూ కనుగొనలేదు. కనుగొన్నారని లోకం నమ్మబోతున్న క్షణంలో, కాదని తామే చెప్పారు. చిత్రపటం కింద ఆ వాక్యమే ఉండాలి. లేదా ఏ వాక్యమూ వద్దు.

జాబితాను నాలుగు రోజులు పరీక్షించాను. ఒక తప్పు దొరికింది: నకళ్లని వారు గుర్తించిన ఒక జత నిజానికి రెండు వేర్వేరు ప్రయోగాలే. సరిదిద్దాను. ఆ సంగతి చెప్పాలని కుర్చీలోంచి లేచాను కూడా. అప్పుడు గాని వారు లేరన్న వార్త నాకు పూర్తిగా చేరలేదు. తన తప్పును వినడానికి ఇష్టపడే మరో మనిషి నాకు ఈ నగరంలో తెలియదు.