లీటరు లింగన్ పళ్ళ బరువు

మా ఊరి బడి వంటగదిలో ఇర్మెలి ఇరవై ఆరేళ్ళు వండింది. చివరి పదకొండేళ్ళు నేను ఆమెకు సాయంగా ఉన్నాను. తూకమంటే ఆమెకు ఒళ్ళుమంట. మా వంటగదిలో త్రాసే లేదు. ఉన్నదల్లా లీటరు పట్టే ఒక రేకు గిన్నె. అడవి నుంచి బకెట్లతో లింగన్ పళ్ళు వస్తే దానితోనే కొలిచేది. ఎర్రటి ఆ పుల్లటి పళ్ళను ఉడికించి, చక్కెర, గోధుమరవ్వ వేసి, చల్లారాక నురుగు తేలేదాకా గిలక్కొడితే గులాబీ రంగు జావ అయ్యేది. ఆ జావ ఉన్న రోజు జ్వరమొచ్చిన పిల్లలు కూడా బడి మానేవాళ్ళు కాదు.

ఆ సెప్టెంబరులో మున్సిపాలిటీ నుంచి ఓస్మో అనే ఉద్యోగి వచ్చాడు. పట్నంలో పెద్ద వంటశాల కట్టారట, ఇకమీదట అన్ని బళ్ళకూ తిండి అక్కణ్ణుంచే వ్యాన్లో వస్తుందట. ఇర్మెలి జావ అక్కడ రుచి చూసే కమిటీకి నచ్చితే ఆమెకు ఆ వంటశాలలో ఉద్యోగం, లేకపోతే ఇంటికే.

"కొలతలన్నీ కిలోల్లో రాసివ్వండి. మా వాళ్ళే వండుతారు. శుక్రవారానికల్లా కావాలి" అని ఫారం చేతిలో పెట్టి పోయాడు.

ఇక మొదలయ్యాయి నా తిప్పలు. చక్కెర, రవ్వ కిలోల సంచుల్లోనే వస్తాయి కనక వాటితో పేచీ లేదు. పళ్ళ దగ్గరే బండి ఆగిపోయింది. కొట్టు నుంచి త్రాసు అరువు తెస్తానన్నాను.

"ఈ బకెట్ వద్దులే, వానలో తడిసింది, బరువెక్కువ తూగుతుంది" అంది ఇర్మెలి సోమవారం.

"ఇవి మరీ సన్నపళ్ళు. గిన్నెలో ఎక్కువ పడతాయి" అంది మంగళవారం.

"దారిలో కుదుపులకి కుంగిపోయాయి, చూడు. బకెట్ నిండా కోస్తే ఇక్కడికొచ్చేసరికి ఇంతే మిగిలింది" అంది బుధవారం.

"అమ్మా తల్లీ! నీకు సరిపోయే బకెట్ దేవుడు కోసి పంపాలి కాబోలు!" అని అరిచాను. ఆమె నవ్వి గరిటె తిప్పుకుంటూ పోయింది. పోయేది తన ఉద్యోగమేనన్న బెంగ కూడా లేదు మహాతల్లికి. నాకేమో అరికాలి మంట నెత్తికెక్కింది.

గురువారం మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక ఫారం నేనే నింపేశాను. నీళ్ళు లీటరు కిలో, పాలు లీటరు కిలో, ఈ పళ్ళు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? ఒక వంటకి మేం వేసేది ఎనిమిది లీటర్లు. ఎనిమిది లీటర్లంటే ఎనిమిది కిలోలు! అది చదవనైనా చదవకుండా ఇర్మెలి సంతకం పెట్టేసింది. నా మీద అంత నమ్మకం.

రుచి చూసే రోజు ఇద్దరం పట్నం వెళ్ళాం. కమిటీ వాళ్ళు ఒక్కో చెంచా నోట్లో పెట్టుకున్నారు. అందరి మొహాలూ వంకర్లు పోయాయి. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఇర్మెలి కూడా ఒక చెంచా తీసుకుంది.

"పళ్ళు ఎన్ని వేశారు?"

"మీరు రాసినన్నే. ఎనిమిది కిలోలు" అన్నాడు ఓస్మో.

"ఎనిమిది కిలోలేమిటయ్యా! ఎనిమిది లీటర్లు తూస్తే ఐదు కిలోలకి మించవు!"

అతను ఫారం తిప్పి సంతకం చూపించాడు. ఇర్మెలి ఆ కాగితంలో నా దస్తూరీ చూసింది. నా వంక చూడలేదు.

"నాదే పొరపాటు. ఇంకొక్కసారి వండనివ్వండి" అంది.

"ఇవాళే తేల్చెయ్యాలమ్మా, ఏం చెయ్యను?" అన్నాడతను.

తిరుగు బస్సులో నా టికెట్ కూడా ఆమే కొంది. తిట్టినా బాగుండేది. సగం దారిలో మెల్లిగా అడిగింది.

"పదకొండేళ్ళు నా పక్కనే ఉన్నావు కదే తైమీ. ఆ గిన్నె ఒక్కసారైనా ఎత్తి చూడలేదూ?"

ఎత్తాను. రోజూ ఎత్తాను. ఖాళీ అయ్యాక, కడగడానికి.