రుచి చూడని వైన్‌తో సలాలాకు

గ్లాసులు కడిగే పని నుంచి వడ్డించే పనికి మారతానని రెండేళ్లుగా మస్కట్‌లో మా హోటల్ వాళ్ల వెంటపడుతున్నాను. రెండువేల ఎనిమిది జూలైలో అవకాశం వచ్చింది. సలాలాలోని మా ఇంకో హోటల్లో వారం రోజుల ఇటలీ విందులు. అక్కడ వెర్మెంటీనో అనే తెల్ల వైన్ గురించి అతిథులకు వివరంగా చెప్పగలిగితే ఉద్యోగం నాది. అది ఇటలీలో లిగూరియా అనే సముద్రతీరం సరుకట. వివరాలన్నీ మా షెఫ్ కాగితం మీద రాసిచ్చాడు. రుచి మాత్రం చూపించలేదు.

ఉదయం ఏడింటికి మస్కట్ రువీలో బస్సెక్కాను. వెళ్లేవాళ్లు కుడివైపు కిటికీ తీసుకోకండి. మధ్యాహ్నం నుంచి ఎండంతా అటే.

నిజ్వా దాటాక ముందుసీటామె వెనక్కి తిరిగింది. పేరు రమణమ్మ, కడపామె. ఒమానీ ఇంట్లో వంటపని. ఇంటివాళ్లు సలాలాలో వానాకాలం గడపడానికి విమానంలో వెళ్లి, ఈమెను గిన్నెలతో బస్సెక్కించారు.

"పొద్దున్నుంచి ఏందబ్బా ఆ గొణుగుడు? మంత్రమా?"

"వైన్ అక్కా. హోటల్లో అతిథులకు చెప్పాలి. నిమ్మకాయ, పచ్చి ఆపిల్, సముద్రపు ఉప్పు, చివర్లో చేదు."

"చెడిపోయిన షర్బత్తు గదా అది! నువ్వు తాగినావా?"

"లేదక్కా."

"వాళ్లకూ తాగలేదనే చెప్పు. తాగినట్టు చెప్తాంటేనే నీ చెవులు ఎర్రగైతాండాయి."

ఒంటిగంటకు హైమాలో ఆగి బిర్యానీ తిన్నాం. తుమ్రైత్ దాటాక కొండ దిగుతుంటే పొగమంచు, సన్నటి జల్లు. ఏడున్నరకు సలాలా చేరాం. నా బస హోటల్ వెనకే, పనివాళ్లకు ఇద్దరికొక గది.

మర్నాడు భోజనాల వేళ ఒక ఇటలీ ముసలమ్మ వెర్మెంటీనో ఎలా ఉంటుందని అడిగింది. కాగితంలోది ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు.

"నేనెప్పుడూ తాగలేదు మేడమ్" అనేశాను.

పక్కనే ఉన్న సూపర్‌వైజర్ ముఖం మాడిపోయింది. ఆమె నవ్వి, ఆయన అనుమతి అడిగి, నాకు రెండు చుక్కలు పోయించింది. తాగాను. కళ్లు వాటంతటవే మూసుకున్నాయి.

"మా ఉప్పాడ అలల్లో మునిగి లేవగానే ఎవరో నోట్లో నిమ్మకాయ పిండినట్టుంది. చివర్లో కాస్త వేపపుల్ల."

వేపపుల్ల అంటే ఏమిటో పళ్లు తోముతున్నట్టు చేసి చూపించాల్సి వచ్చింది. ఆమె నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఆమెది లిగూరియాయేనట. కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయట. రాళ్లు పేర్చి మెట్లు కట్టి, వాటి మీద ద్రాక్ష పెంచుతారట. వాళ్ల నాన్న గంపలు వీపున మోసి మోసి, నున్నటి రోడ్డు మీద కూడా మెట్లెక్కుతున్నట్టే నడిచేవాడట. ఆమె ఆ వైన్ రెండు సీసాలు తెప్పించుకుంది.

"రేపటి నుంచి నాలుగు టేబుళ్లు నీవి," అన్నాడు సూపర్‌వైజర్. "ఆ వేపపుల్ల మాత్రం వద్దు."

వారం తర్వాత తిరుగు బస్సులో పక్కసీట్లో కూర్చున్న పాకిస్తానీ లారీ డ్రైవర్, "సలాలా ఎలా ఉంది?" అని ఉర్దూలో అడిగాడు. నేను చూసిందల్లా భోజనాల హాలే. నిటారు కొండలు, రాతి మెట్లు, ద్రాక్షతీగలు, కింద సముద్రం గురించి అరగంట చెప్పాను.

"పదేళ్లుగా సలాలా వస్తున్నాను, అవెక్కడున్నాయి?" అన్నాడాయన బెంగగా.