పచ్చ తీగ కలిపిన పెంచలయ్య

సూళ్లూరుపేటకు తూర్పున, ఎండాకాలం పులికాటు నీళ్లు వెనక్కి పోయి ఉప్పు తెల్లగా పేరుకునే చోట ఒక పాళెం ఉంది. ఆ పాళెంలో ఎవరినైనా పెంచలయ్య ఇల్లెక్కడని అడిగితే, ఏ పెంచలయ్య అని ఎదురడుగుతారు. ఒకడు పడవ పెంచలయ్య, ఒకడు ఐసు పెంచలయ్య, ఏ పనీ చెయ్యనివాడు వట్టి పెంచలయ్య. ఇతను కరెంటు పెంచలయ్య.

పడవెక్కితే కడుపులో తిప్పేది కాబట్టి ఇతను వల పట్టలేదు. సూళ్లూరుపేటలో మోటార్లు చుట్టే షాపులో చేరి, అక్కడి నుంచి ఇళ్లకు వైర్లు లాగే పనికి మళ్లాడు. తుఫాను వచ్చి స్తంభాలు ఒరిగిన రోజుల్లో, ఎవరింట్లో దేన్ని ముట్టుకోవచ్చో, దేని జోలికి పోకూడదో చెప్పే మనిషి ఇతనే. ఇతను చెప్పాకే ఆడవాళ్లు మిక్సీ మీద చెయ్యి వేస్తారు. చొక్కా జేబులో టెస్టరు లేకుండా ఇతన్ని చూసినవాళ్లు లేరు. పెళ్లి ఫోటోలో కూడా అది కనిపిస్తుందని భార్య వనజాక్షి ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

పనిమంతుల వినయం గురించి రాయడం మనకు బాగా అలవాటు. పెంచలయ్యకు వినయం లేదు. పని వచ్చు, వచ్చని తనకు తెలుసు, తెలుసునని ఊరికీ తెలియాలి. పని రానివాడిలో గర్వం నవ్వు పుట్టిస్తుంది, అంతే. అదే గర్వం పని వచ్చినవాడిలో ఉంటే ఇళ్లు కూలతాయి. ధనలక్ష్మి ఇల్లు కూలకపోవడం అదృష్టం.

ధనలక్ష్మి ఎండుచేపల వ్యాపారం చేస్తుంది. మద్రాసు రైల్లో ఆమె గంపలకు చోటివ్వని గార్డు లేడు. మొగుడు వేటకు పోతాడు, ఇంట్లో మాటంతా ధనలక్ష్మిదే. పాత రేకుల ఇల్లు పడగొట్టి మేడ మొదలుపెట్టినప్పుడు వైరింగు ఎవరిదన్న చర్చే రాలేదు. పెంచలయ్యను ఆమె అన్నా అంటుంది. ఆమె కొడుకు గణేష్, తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, మామా అంటాడు.

ఇంట్లో స్మార్టు స్విచ్చిలు పెట్టాలన్నది గణేష్ ఆలోచన. వాళ్ల నాయనమ్మ ముసలమ్మ తుంటి విరిగి, లోపల రాడ్డు వేయించుకుంది. లైటు కోసం లేచి గోడ దాకా పోవడం ఆమెకు గండం. మంచం మీద నుంచి నోటితో చెబితే లైటు వెలిగే ఏర్పాటు ఉందని తెలిసి ఫోన్లో వీడియో పట్టుకుని వచ్చాడు. అప్పటికి ఇటుకల గోడలు లేచాయి, పెంచలయ్య గాడి కొట్టి పైపులు దించుతున్నాడు.

"మామా, ప్రతి స్విచ్చి బాక్సులోకీ న్యూట్రల్ తీగ రావాలంట. పైపులు పెట్టేటప్పుడే అనుకోవాలంట. ఒకసారి చూడు."

"నువ్వు చెడ్డీలేసుకోక ముందు నుంచి లాగుతుండా న్యూట్రల్. ఫోన్లో చూసొచ్చి నాకు చెప్తావా అబ్బయా?"

"అది కాదు మామా..."

"పో పో. రంగులైనాక నీ బొమ్మలు తెచ్చియ్యి, నేను బిగిస్తా. వెలక్కపోతే నన్నడుగు."

గణేష్ నవ్వి ఫోను జేబులో పెట్టుకున్నాడు. పెంచలయ్య కూడా నవ్వాడు. ఆ వీడియోలో చెప్పింది అతనికి తెలియదు. చూస్తే తెలిసేది. కానీ చూస్తే, తనకు తెలియదని కుర్రవాడి ముందు ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని చూడలేదు.

విషయం నిజానికి చిన్నది. మామూలు లైటు స్విచ్చి తలుపు లాంటిది. ఫేజు తీగ దానిలోంచి లైటుకు పోతుంది, తెరిస్తే పారుతుంది, మూస్తే ఆగుతుంది. తిరిగి వచ్చే న్యూట్రల్ తీగ పైనుంచే నేరుగా లైటుకు పోతుంది, దానికి స్విచ్చితో పని లేదు. స్మార్టు స్విచ్చి తలుపు దగ్గర కూర్చోబెట్టిన కాపలా మనిషి. లైటు ఆర్పినా అది మేలుకునే ఉండాలి, ఎవరు పిలుస్తారా అని చెవులు నిక్కబొడుచుకుని వినాలి. మేలుకుని ఉండేదానికి తిండి కావాలి. ఆ తిండికి ఫేజు ఒక్కటే చాలదు, న్యూట్రల్ కూడా ఆ డబ్బాలోకి రావాలి. పెంచలయ్య ఎప్పటి అలవాటు ప్రకారం, లైట్ల బాక్సుల్లోకి ఫేజు, స్విచ్చి నుంచి లైటుకు పోయే తీగ, ఇనుప డబ్బాకు రక్షణగా పచ్చ రంగు ఎర్తు తీగ మాత్రమే లాగాడు. పైపులు కూడా వాటికి సరిపోయేంత సన్నవే వేశాడు. పైన ప్లాస్టరింగు, పుట్టీ, రంగు అన్నీ అయిపోయాయి.

గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నాక గణేష్ స్విచ్చిలు తెచ్చిచ్చాడు. పెంచలయ్య ఒకటి బిగించి చూశాడు. చలనం లేదు. లోపలి కాగితం మీది బొమ్మలో న్యూట్రల్ అన్న చోట అతని దగ్గర తీగే లేదు. సన్నపైపులో ఇంకో తీగ దూర్చబోయాడు. మలుపు దగ్గర ఇరుక్కుపోయింది. గోడ మళ్లీ కొట్టాలి. ధనలక్ష్మి ఆ గోడల రంగు కోసం మద్రాసులో ఎన్ని షాపులు తిరిగిందో ఊరంతా విన్నదే.

ఇంట్లో ఎవరూ లేరు. పెంచలయ్య పచ్చ తీగను న్యూట్రల్ చోట కలిపాడు. స్విచ్చి మీద చిన్న నీలం దీపం వెలిగింది.

పచ్చ తీగ నేలలోకి పోతుంది. ఏ వస్తువులోనైనా కరెంటు తప్పిపోయి ఇనుప ఒంటికి చేరితే, మనిషిని వదిలి నేలకు దిగడానికి ఉన్న దారి అది. రోజూ కరెంటు పారే దారిగా దాన్ని వాడకూడదు. ఇది పెంచలయ్యకు షాపులో చేరిన కొత్తలోనే తెలుసు. అతనే ఎంతమందికో చెప్పాడు. ఒక స్విచ్చి కదా అనుకున్నాడు. ఆ తర్వాత మిగతావి కూడా అలాగే కలిపాడు. సగం కలిపేసరికి మెయిన్ బోర్డులో ట్రిప్ స్విచ్చి టప్పున పడిపోయింది. అది చేయాల్సిన పనే అది చేసింది: కరెంటు నేలలోకి పోతోందని పసిగట్టి ఇల్లంతా ఆపేసింది. లేపాడు. పడింది. మళ్లీ లేపాడు. మళ్లీ పడింది. చివరికి దాని తీగలు విప్పి పక్కనుంచి నేరుగా కలిపి, ట్రిప్ స్విచ్చిని ఉన్నచోటనే ఉంచాడు. చూసేవాళ్లకు అది పైకి లేచి బుద్ధిగా నిలబడి ఉంటుంది. దానిలోంచి ఏమీ పోదు.

ఇంటికి పోయి చేతులు కడుక్కుంటుంటే వనజాక్షి అడిగింది, "పనైందా?" అని. అయిందన్నాడు. ఆ రోజు అన్నం తిన్నాడు గానీ ఏం కూరో తెలియలేదు.

గృహప్రవేశం వేసవిలో వచ్చింది. పాలు పొంగాయి, వ్రతం అయింది, గణేష్ ఊరి జనం ముందు తన విద్య చూపించాడు. హాల్లో లైట్లు నోటి మాటకు వెలిగి ఆరుతుంటే పిల్లలు కేకలు వేశారు.

ముసలమ్మ కుర్చీలోంచే ప్రయత్నించింది. "ఎమ్మే, ఫ్యానెయ్యి."

ఫ్యాను కదల్లేదు.

"అవ్వా, దాన్ని పేరు పెట్టి పిలవాల. ఇంగ్లీషులో చెప్పాల."

"తిండి పెట్టేది మనం, మాట్లాడేది ఇంగ్లీషా? మీ యమ్మ కంటే టెక్కుగా ఉండాదే ఇది!"

ఇల్లంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ ధనలక్ష్మి నవ్వింది.

భోజనాలకు ముందు పనివాళ్లకు బట్టలు పెట్టడం ఆ వైపు ఆనవాయితీ. మేస్త్రీకి, వడ్రంగికి, కరెంటు మనిషికి, జంటగా పీటల మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, కొత్త బట్టలు చేతికిస్తారు. దీన్ని మన సంస్కారమని మెచ్చుకునేవాళ్లు ఆ పీట మీద ఒక్కసారైనా కూర్చున్నట్టు లేరు. పెంచలయ్యకు ఆ పీట కాలుతోంది. పక్కన వనజాక్షి పట్టుచీరలో నిటారుగా కూర్చుంది. మేస్త్రీ భార్య తర్వాత తనదే వంతని ఆమె ముఖం వెలిగిపోతోంది.

అప్పుడే వంటింటి వైపు నుంచి ముసలమ్మ గొంతు వినిపించింది. మంచినీళ్ల కోసం కర్ర ఊతంగా ఫ్రిజ్జు దాకా పోయింది.

"ఓసే ధనం! ఇదేందే, ఫ్రిజ్జు జిల్లుమంటాది?"

"కొత్త ఫ్రిజ్జు గదత్తా, సల్లగా ఉంటాది!" ఎవరో చుట్టాలామె అంది.

"సల్లదనం నాకు తెల్దా? చేతిలో చీమలు పాకినట్టుండాది."

"నీ తుంటిలో రాడ్డుకి సిగ్నలొచ్చుంటాదిలే ముసలమ్మవ్వా!"

మళ్లీ నవ్వులు. పెంచలయ్య నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూశాడు. భోజనాల కోసం అప్పుడే పాతిన షామియానా గుంజ ఒకటి ఇంటి మూలన, సరిగ్గా అతను ఎర్తు గుంతకు తీగ పాతిన వరసలో దిగి ఉంది. ఉప్పు నేల, ఎంత పైన పాతినా చాలులే అని జానెడు లోతు కూడా తవ్వని చోటు. గడ్డపార తీగను తెంపేసింది. ఇక పచ్చ తీగకు నేల లేదు. ఇంట్లోని స్మార్టు స్విచ్చిలన్నీ దానిలోకి వదిలే కరెంటుకు పోయే దారి లేక, ఆ తీగకు తగిలి ఉన్న ఇనుప వస్తువులన్నిటి ఒంటి మీదా నిలబడి ఉంది. ఫ్రిజ్జు, గ్రైండరు, మోటారు. ఆపాల్సిన ట్రిప్ స్విచ్చి బొమ్మలా నిలబడి ఉంది.

ఇప్పుడు జిల్లుమంటోంది. ఒక్క స్విచ్చి లోపల కాలినా, పూర్తి కరెంటు. కింద తడి బండలు, అందరివీ వట్టి కాళ్లు.

లేవాలి. లేచి మెయిన్ ఆపాలి. ఆపితే ఎందుకని అడుగుతారు.

ధనలక్ష్మి పళ్లెం పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది. "మా ఇంటికి వెలుగు తెచ్చినావన్నా" అంటూ బొట్టు పెట్టింది. పెంచలయ్య తల వంచాడు. పంచె, చొక్కా గుడ్డ చేతుల్లో పెట్టింది. తీసుకున్నాడు. వనజాక్షికి చీర ఇచ్చింది. ఆమె కళ్లకద్దుకుంది. అంతా జరిగేదాకా పెంచలయ్య కదల్లేదు. అందరూ వెళ్లిపోయాక గుట్టుగా సరిచేస్తే సరిపోతుందని కూడా అనుకున్నాడు.

కూల్‌డ్రింకుల కోసం పిల్లల గుంపు బిలబిలమంటూ వంటింట్లోకి పరిగెత్తింది.

"ముట్టుకోబాకండి!" పెంచలయ్య అరిచిన అరుపుకు బొట్టు పళ్లెం కిందపడింది. పీట మీద నుంచి లేచి, జనాన్ని తోసుకుంటూ పోయి మెయిన్ దించేశాడు. ఫ్యాన్లు మెల్లగా ఆగాయి. మైకు నోరు మూతపడింది.

"గృహప్రవేశం నాడు ఇల్లు ఆర్పేదేందయ్యా?" ఎవరో పెద్దాయన విసుక్కున్నాడు.

"కరెంటు పోయినాదా మామా?" గణేష్ అడిగాడు.

అవునంటే అయిపోయేది. పెంచలయ్య గోడకు ఆనుకున్నాడు. "పోలేదు. నేను తీసినా. తప్పు కలిపినా. ఎర్తు తీగని న్యూట్రల్‌గా కలిపినా. ట్రిప్ స్విచ్చి కూడా నేనే తీసేసినా. ఫ్రిజ్జుకి కరెంటొస్తుండాది."

చాలామందికి ఆ మాటలు అర్థం కాలేదు. గణేష్‌కు అర్థమయ్యాయి. వాడు నాయనమ్మ వైపు చూసి, ఆమె తడిచేతుల వైపు చూసి, పెంచలయ్య వైపు చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. ధనలక్ష్మికి అర్థం కావడానికి ఇంకొంచెం సేపు పట్టింది.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"కలిపినప్పుడే."

"అయితే బట్టలు పెట్టించుకునేదాకా నోరు రాలేదా అన్నా?"

వనజాక్షి ఒళ్లోని చీరను మడిచి, పీట మీద పెట్టి, లేచి నిలబడింది. ధనలక్ష్మి ఆ చీరను మళ్లీ ఆమె చేతుల్లో కుక్కింది. "నువ్వేం చేసినావు వదినా? నువ్వు కట్టుకో." అది వనజాక్షి మీద ప్రేమో, పెంచలయ్య మీద కోపమో, రెండూనో.

మర్నాడు పెంచలయ్య పొద్దున్నే వచ్చాడు. గోడల మీద ప్లాస్టిక్ పట్టీలు బిగించి, వాటిలోంచి న్యూట్రల్ లాగుతానని, రంగు పాడవకుండా చేస్తానని చెప్పాడు.

"నా గోడల మీద నీ తప్పుకి గీతలు గీసి పోతావా?" అంది ధనలక్ష్మి. "కొట్టు. గోడ కొట్టి లోపల పెట్టు. దుమ్ము నేను ఊడ్చుకుంటా."

"వేరేవాళ్లని పిలిపిస్తావేమో అనుకున్నా."

"వేరేవాడికి నువ్వు యాడ యాడ ఏం చేసినావో ఎట్ట తెలుస్తాది?"

అలా కొత్తింట్లో గోడలు కొట్టడం మొదలైంది. ఆ చప్పుడు పాళెమంతా వినిపించేది. పనున్నవాళ్లూ లేనివాళ్లూ వచ్చి గుమ్మంలో నిలబడేవారు. "ఏందే ధనం, చేరి వారం కాలేదు, అప్పుడే రిపేరా?" అని అడిగేవారు. ధనలక్ష్మి ఊడుస్తూనే చెప్పేది: "మా పెంచలయ్యన్న తప్పు చేసినాడు. సరిచేస్తుండాడు." పెంచలయ్య నిచ్చెన మీద ఉండేవాడు. ఆమె ఎలుకలు కొరికాయనో, వైరు నాసిరకమనో ఒక అబద్ధం చెబితే బాగుండునని అతను రోజూ కోరుకున్నాడు. ఆమె ఒక్కరోజు కూడా చెప్పలేదు. తిట్టినా భరించేవాడు. ఆమె మామూలు గొంతుతో, ధర చెప్పినట్టు చెప్పేది.

పని చివరికొచ్చింది. ఎర్తు తీగ లోతుగా పాతాడు. ట్రిప్ స్విచ్చిని మళ్లీ దారిలోకి తెచ్చాడు. ఒక గది మాత్రం మిగిలింది. ధనలక్ష్మి గంపలతో స్టేషనుకు పోయింది, ముసలమ్మ కునుకు తీస్తోంది. అప్పుడు రమణయ్య వచ్చాడు. కొడవలూరు దగ్గర వరి పొలం అమ్ముకుని సూళ్లూరుపేటలో స్థలం కొన్న మనిషి. ఇల్లు మొదలుపెడుతున్నాడు, వైరింగు పెంచలయ్యకే ఇవ్వాలని అడ్రసు కనుక్కుంటూ వచ్చాడు. ఇతనికి ఏ కబురూ చేరినట్టు లేదు.

"కొత్తింటి గోడలు పగలగొట్టినారేంది పెంచలయ్యా?"

పెంచలయ్య నోట్లోకి ఎలుకలు వచ్చాయి. నిజంగా నాలుక చివర దాకా వచ్చాయి. కిందికి చూశాడు. కింద రమణయ్య తప్ప ఎవరూ లేరు.

"నేనే తప్పుగా కలిపినానన్నా. అవ్వకి షాకు తగిలింది. దానికోసం మళ్లీ చేస్తుండా."

రమణయ్య కాసేపు తెరిచిన గాడిని చూశాడు, లోపల కొత్తగా దూర్చిన నల్ల న్యూట్రల్ తీగను చూశాడు, నిచ్చెన మీది మనిషిని చూశాడు.

"అట్టనా" అన్నాడు. "సరే, ముగ్గు పోసేటప్పుడు చూద్దాంలే."

చూద్దాంలే అంటే ఆ వైపు అర్థం అందరికీ తెలుసు. అతను బండి ఎక్కి వెళ్లాడు. పెంచలయ్య నల్ల తీగ చివర పట్టుకుని లాగాడు. మలుపు దగ్గర ఒకసారి ఆగి, మెల్లగా బయటికి వచ్చింది.